మూడో రాయి

ఆ దారి చీలిక దగ్గర రాళ్ళు పేర్చింది నేను.

ఈ మాట ఏడేళ్ళు చెప్పలేదు. మా నడక సంఘం వార్షిక సంచికకు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని మా అధ్యక్షుడు ఫోన్ చేశాడు. నా మొదటి మాట ఇదే. అచ్చు వేస్తే వేయనీ, పక్కన పడేస్తే పడేయనీ.

ఆయన మాకు అడవిలో దారి చూపినవాడు. మామండూరు దాటాక కొండ పాదంలో ఉన్న ఒక పల్లె ఆయనది. ఆదివారాలు తిరుపతి నుంచి శేషాచలం అడవుల్లోకి నడవడానికి వెళ్ళే మాలాంటి వాళ్ళను పదేళ్ళపాటు తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళిన వాళ్ళందరినీ వెనక్కి తెచ్చాడు. పోయిన నెల కామెర్లు ముదిరి చనిపోయాడు. ఆ సాయంత్రం మా వాట్సాప్ గ్రూపులో అధ్యక్షుడు పెట్టిన సంతాపం ఇది: ‘ఆ ఒక్క పొరపాటు మినహా మంచి గైడ్. ఆత్మకు శాంతి.’ దాని కింద ముప్పై మంది దండాలు పెట్టారు. ఆ పొరపాటు ఆయనది కాదని ఆ గుంపులో తెలిసినవాడిని నేనొక్కడినే. నేనూ ఒక దండం పెట్టాను.

ఆయన పేరు రాయను. రాస్తే చదివేవాళ్ళకు మొదట గుర్తొచ్చేది ఆ పొరపాటే. ముందు మనిషి గుర్తుకు రావాలి.

ఆయన పగ పెట్టుకునే మనిషి. దాన్ని దాచుకునేవాడు కాదు. చేతికర్రలాగా వెంట తిప్పుకునేవాడు. మా జట్టులో ఒక బ్యాంకు ఉద్యోగి చిప్స్ తిని కవర్లు పొదల్లోకి విసిరేవాడు. ఒకరోజు మా దారి చూపేవాడు ఒక్క మాట కూడా అనకుండా, పొద్దంతా వెనకే నడుస్తూ ప్రతి కవరూ ఏరాడు. సాయంత్రం జీపు ఎక్కేముందు అన్నింటినీ ఆ ఉద్యోగి సంచి అడుగున కుక్కాడు. పైన ఎండిన ఏనుగు పేడ ఉండ ఒకటి పెట్టాడు. మరుసటి ఆదివారం ఆ ఉద్యోగి ఎర్రబడిన ముఖంతో నిలదీశాడు.

“నువ్వు అడివికి పెట్టినావు, అడివి నీకు పెట్టింది. నేను మోసినానంతే సార్” అన్నాడు ఈయన.

ఫోన్‌లో పాటలు గట్టిగా పెట్టుకొని నడిచేవాళ్ళకు ప్రత్యేకంగా నీడ చూపించి కూర్చోమనేవాడు. ఆ నీడలో దురదగొండి తీగ ఉండేది. తనను ‘ఒరేయ్’ అని పిలిచిన ఒక కాంట్రాక్టరును ఒకే గుట్ట చుట్టూ రెండుసార్లు తిప్పాడు. “ఈ చెట్టు ఇందాక చూశామే” అని కాంట్రాక్టరు అనుమానపడితే, “అడివిలో సెట్లన్నీ సుట్టాలే సార్, అన్నిటికీ ఒగే మొగం” అన్నాడు.

దారిలో ఒక వంపు దగ్గర నల్లబండ ఉంది. ఎప్పుడో దానిమీద జారి ఆయన మోకాలు పగిలిందట. ఆ పక్కగా వెళ్ళినప్పుడల్లా ఆగి, కర్రతో దాన్ని ఒక్క దెబ్బ కొట్టి కదిలేవాడు.

“రాయికేం తెలుస్తుందయ్యా?” అన్నాను ఒకసారి.

“దానికి తెల్వకుంటే పోనీ అయ్యోరా. నాకు తెలుసు గదా.”

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. అందుకని ఆయనకు అయ్యోరిని. ఇన్ని పగలు ఎలా గుర్తుంటాయని అడిగితే, “ఊరగాయ మాదిరి అయ్యోరా. పైన నూనె తగ్గకుండా సూసుకోవాల. లేకుంటే బూజు పడతాది” అన్నాడు.

మేం నవ్వుకునేవాళ్ళం. మమ్మల్ని తిడుతూనే కాపాడేవాడు కూడా. సెలయేటి దగ్గర అందరూ తాగాకనే తాగేవాడు. ఎవరి కాలికైనా బొబ్బలెక్కితే ఏదో ఆకు నలిపి కట్టేవాడు. “ఈ బూట్లు నీకు ఎవురు అమ్మినారు సార్? వాడు నీకు పగోడు” అంటూ కట్టేవాడు. దారి చీలిన ప్రతిచోటా సరైన వైపున బోదగడ్డి పిడికెడు పట్టి, మెలివేసి ముడివేసేవాడు. వెనక వచ్చే జట్టు ఆ ముడి చూసుకొని రావాలి. ఆ గడ్డిముడుల మీద ఒక్కరు కూడా దారి తప్పలేదు.

అప్పుడు మా అధ్యక్షుడు విదేశం వెళ్ళొచ్చాడు. అక్కడ ఒక పెద్ద అగ్నిపర్వతం, దాని చుట్టూ నేషనల్ పార్కు. కొండ చుట్టూ నాలుగు రోజులు నడిచాడట. నల్లటి లావా రాతినేల మీద దారి ఆనవాలు కనిపించదు కాబట్టి, రాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి గుర్తులు పెడతారట. ఆ ఫొటోలన్నీ మాకు తెరమీద చూపించాడు. “మనది మాత్రం నేషనల్ పార్కు కాదా? మనకూ ఒక పద్ధతి ఉండాలి. పెద్దది, దానిమీద మధ్యది, దానిమీద చిన్నది. మూడు రాళ్ళు ఎటువైపు ఉంటే అదే దారి” అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం.

తర్వాతి ఆదివారం అడవి అంచున ఆ సంగతి దారి చూపేవాడికి చెప్పాడు. ఆయన తలగుడ్డ విప్పి, మళ్ళీ చుట్టుకుంటూ అడిగాడు.

“సార్, ఆ నిప్పుకొండ కాడ మొక్కుకునేవాళ్ళు ఎవురన్నా వస్తారా?”

“రారు. నడవడానికే వస్తారు.”

“ఈడ వస్తారు సార్. మనోళ్ళు రాయి కనపడితే ఊరికే ఉండరు. తిరుమల నడకదోవలో సూడలేదా, యాడ సూసినా రాళ్ళ ఇండ్లే. రేపు మీ గుర్తేదో, వాళ్ళ ఇల్లేదో ఎట్ల తెలుస్తాది?”

మా వైపు ఆ నమ్మకం ఉంది. కొండదారిలో రాళ్ళు పేర్చి మొక్కుకుంటే సొంత ఇల్లు అవుతుంది. ఎన్ని రాళ్ళు నిలిస్తే అన్ని అంతస్తులు.

“మరి నీ గడ్డిముడిని దుప్పి తినేసిపోతే?” అన్నాడు అధ్యక్షుడు.

“నా ముడి తినింది గాబట్టి దుప్పే దోవ సూపిస్తాది సార్.”

అందరం నవ్వాం. అధ్యక్షుడు నవ్వలేదు. “చెప్పింది చెయ్యప్పా. పద్ధతంటే పద్ధతే” అన్నాడు. ఆయన సరేనని మా అందరివైపూ తిరిగి చేతులు జోడించాడు. “మీ కాళ్ళకు దండం పెడతా. మొక్కుకునేవాళ్ళు ఎవురన్నా ఉంటే ఈడ మాత్రం రాళ్ళు పేర్చొద్దండి.” దానికీ నవ్వాం.

ఆ తర్వాత మూడో నెలలో ఒక తీర్థానికి బయల్దేరాం. కొండల మధ్య లోతైన నీటిగుండం అది. రెండు జట్లు. మొదటిది ఆయన వెంట, అందులో నేను. అరగంట వెనక రెండోది అధ్యక్షుడి వెంట. చీలిక దగ్గర ఆయన ఎడమ దారిలో రాళ్ళు పేర్చి ముందుకు కదిలాడు. నేను బూటు తాడు కట్టుకోవడానికి ఆగాను. అందరూ మలుపు తిరిగారు.

మాకప్పుడు అద్దె ఇల్లు. ఖాళీ చేయమని యజమాని ఆ వారమే చెప్పాడు. అప్పటికి మూడు ఇళ్ళు మారాం. చీలికకు కుడివైపు, దారి మొదట్లోనే, చదునైన బండ ఒకటి కనిపించింది. దానిమీద ఒక రాయి పెట్టాను. మాకది చాలు. తర్వాత ఇంకోటి పెట్టాను, పై వాటా అద్దెకిచ్చుకోవచ్చు. అక్కడ ఆగిపోయి ఉంటే ఎవరికీ ఏమీ జరిగేది కాదు. పక్కనే ఎర్రటి చిన్న రాయి ఒకటి ఉంది. రిటైరయ్యాక కూర్చొని చదువుకోవడానికి మేడమీద ఒక గది అనుకున్నాను. అదీ పెట్టి, కళ్ళు మూసుకొని దండం పెట్టుకొని, పరిగెత్తి జట్టును అందుకున్నాను. ఆయన హెచ్చరిక గుర్తు లేక కాదు. అది వేరేవాళ్ళకు చెప్పిన మాట అనిపించింది.

ఆయన గుర్తు దారిలోకి పది అడుగులు వెళ్తేగాని కనిపించదు. నాది చీలిక మొదట్లోనే, అందరికీ కనిపించే బండ మీద.

మేం గుండం చేరి ముప్పావుగంటయినా రెండో జట్టు రాలేదు. ఆయన లేచి, తల ఒకవైపుకు వంచి విన్నాడు. మాకు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆయన మాత్రం పరుగు అందుకున్నాడు. కుడిదారి చివర పలకరాళ్ళ వాలు ఉంది, కాలు పెడితే జారిపోతుంది. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన అక్కడ పడ్డాడు. తొడ ఎముక విరిగింది. పంచెతో కర్రలు కట్టి, ఆయన్ను వీపున వేసుకొని మా దారి చూపేవాడు వాలు ఎక్కాడు. మేం వంతులు వేసుకుంటామన్నా ఇవ్వలేదు.

“దించెయ్యప్పా, నీ నడుం పోతుంది” అని పోస్టుమాస్టరు మూలిగాడు.

“దించితే ఎలుగొడ్డు తింటాది సార్. దానికీ నాకూ పాత పగ. నిన్ను తినేసి, నేనే పెట్టినానని ఊరంతా సెప్తాది.”

అంత నొప్పిలోనూ పోస్టుమాస్టరు నవ్వాడు. ఇప్పుడు ఆయన చేతికర్రతో నడుస్తున్నాడు.

తర్వాతి ఆదివారం సమావేశం. అధ్యక్షుడు తాను తీసిన ఫొటో తెరమీద వేశాడు. “మూడు రాళ్ళు. కుడివైపు. మీరే చూడండి.” పైన ఉన్నది ఎర్ర రాయి. 

ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కుర్చీ ఎవరూ వేయలేదు. “అవి నేను పెట్టలేదు సార్. నావి ఎడంపక్కకే ఉండాయి. పోయి సూద్దాం రాండి.”

“మరి ఎలుగుబంటి వచ్చి పెట్టిందా?” అన్నాడు అధ్యక్షుడు. హాలంతా నవ్వింది.

ఆయన నావైపు చూశాడు. “అయ్యోరా, నువ్వు నా ఎనకాలే వస్తా ఉండావు గదా. నువ్వు సెప్పు.”

“నేను గమనించలేదు” అన్నాను.

సంఘం కార్యదర్శిని నేను. తీర్మానం రాసింది కూడా నేనే: ‘సదరు వ్యక్తిని ఇకమీదట దారి చూపుటకు పిలవరాదు.’ దాని నకళ్ళు మిగతా నడక జట్లకూ పంపాం. ఆ మినిట్స్ పుస్తకం నా దగ్గరే ఉంది. నిన్న ఆ పేజీ అడుగున ఇలా రాసి సంతకం పెట్టాను: ‘పై తీర్మానం అబద్ధం. రాళ్ళు పేర్చినవాడు కార్యదర్శి. వద్దన్నా ఆ పద్ధతి ఈ అడవిలోకి తెచ్చినవాడు అధ్యక్షుడు. వద్దని చెప్పినవాడిని ఇద్దరూ కలిసి వెళ్ళగొట్టారు.’ అధ్యక్షుడికి దాని ఫొటో పంపాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి.

అడవి పని పోయాక ఆయన ఒక మామిడితోటకు కాపలా ఉన్నాడు. తిరుపతికి వస్తే మా ఇంటికి వచ్చేవాడు. ఇల్లు అయింది మరి. కింద మేము, పైన అద్దెకు, మేడమీద గది. మెట్లమీద కూర్చొని కాఫీ తాగుతూ, ఆ రాళ్ళు పెట్టినవాడి కోసం నాతో కలిసి వెతికేవాడు.

“నాతోనే ఎందుకు చెబుతావు?” అని అడిగాను, భయంతోనే.

“ఆ పొద్దు మీటింగులో నవ్వంది నువ్వొక్కడివే అయ్యోరా.”

వెతికి వెతికి ఆయన తన బామ్మర్ది దగ్గర ఆగాడు. భార్యకు తమ్ముడు. అతనూ వేరే జట్లకు దారి చూపేవాడు. మేం వెళ్ళిన రోజే ఉసిరికాయల కోసం అటువైపు వచ్చాడట. ఇద్దరి మధ్యా చిన్న చిన్న పోటీలు ముందునుంచీ ఉన్నాయి. ఈయనకు అంతే చాలింది.

“ఎవరో మొక్కుకున్నవాళ్ళు పెట్టి ఉండొచ్చు కదా” అన్నాను. నేను నిజం చెప్పడానికి అతి దగ్గరగా వెళ్ళింది అప్పుడే.

“వాడు గాక ఆ పొద్దు ఆడికి పోయింది మీరే గదా అయ్యోరా. మీరు సదువుకున్నోళ్ళు. కాళ్ళకు దండం పెట్టి సెప్పినాక పేరుస్తారా?” అన్నాడు.

నేను కాఫీ గ్లాసులు తీసుకొని లోపలికి వెళ్ళాను.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. గొంతు తగ్గించి, “వాడు ఎర్రచందనం దొంగలకు దోవ సూపిస్తా ఉండాడని ఫారెస్టోళ్ళకు సెప్పేస్తా. నా పని వాడు తీసినాడు, వాని పని నేను తీస్తా” అన్నాడు.

“నిజంగా చూపిస్తున్నాడా?”

“లేదు. అయినా సెప్తా. సెప్పమంటావా?”

మా వైపు అడవి మనిషి మీద అంతకన్నా పెద్ద నింద లేదు. వద్దనడానికి నా దగ్గర ఉన్న కారణం ఒక్కటే. అది నోట్లో పెట్టుకొని, “నీ ఇష్టం” అన్నాను.

చెప్పాడు. బామ్మర్దిని ఊరంతా చూస్తుండగా బండెక్కించుకొని వెళ్ళి, నాలుగు రోజులు విచారించి, ఏమీ దొరక్క పంపేశారు. కానీ ఆ తర్వాత అతన్ని అడవికి పిలిచినవాళ్ళు లేరు. ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ ముందు గడ్డికి నీళ్ళు పోస్తున్నాడు. పొద్దున బస్సుకు పోయి, సాయంత్రం బస్సుకు వస్తాడు.

అంతటితో ఆయన పగ తీరలేదు. బామ్మర్ది కూతురి పెళ్ళిరోజున, మేనత్తగా పోవాల్సిన భార్యను ఆపడానికి గడపకు అడ్డంగా కాళ్ళు చాపి కూర్చున్నాడు. మొగుడి కాళ్ళు దాటి ఆమె పోలేదు. మేళం ఆ వీధిలోనే వినిపిస్తూ ఉందట. ఇది ఆయనే చెప్పాడు నాకు, మా మెట్లమీద, గెలిచినవాడి ముఖంతో. ఆ నల్లబండను కొట్టిన కర్రకు ఇప్పుడు మనుషులు దొరికారు. దొరికేలా చేసింది నేను. కవర్లూ దురదగొండీ చూసి నవ్వుకున్న మాకు, ఆయన పగలో ఉన్న న్యాయం అర్థం కాలేదు. తప్పు చేసినవాడి మీద తప్ప ఆయన ఎప్పుడూ చెయ్యెత్తలేదు. తప్పు చేసినవాడు ఎవరో తెలియకుండా చేసి, ఆయన్ను నేను అన్యాయస్తుడిని చేశాను.

ఆయన పోయిన పదకొండో రోజున ఆ పల్లెకు వెళ్ళాను. భార్యను ముంగిట్లో కూర్చోబెట్టారు. ఆ రోజు పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. వీధి మొదట్లో బైకు పక్కన ఆమె తమ్ముడు చీర కవరు పట్టుకొని నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

“తమ్ముడు వచ్చినాడు, చీర తీసుకో తల్లీ” అంది ఒక ముసలామె.

“తీసుకోను. వాని చేతి నీళ్ళు గూడా తాగొద్దని ఆయన పోతా పోతా ఒట్టేయించుకున్నాడు.”

ఆయన పోయాడు. ఆయన పగ మాత్రం పోలేదు. అది ఆమె ఒళ్ళో కూర్చుంది. ఆమె తమ్ముడు ఇంకాసేపు చూసి వెళ్ళిపోతాడు, ఇక ఎప్పటికీ రాడు.

“అమ్మా, ఆ ఒట్టు చెల్లదు” అన్నాను. “ఆ రాళ్ళు నీ తమ్ముడు పెట్టలేదు. నేను పెట్టాను. నా ఇంటి కోసం మొక్కుకొని పెట్టాను.”

 ఆమె తల ఎత్తింది.

“ఆయన మీ ఇంటికి వస్తా ఉన్నాడు గదా అయ్యోరా.”

“వచ్చేవాడమ్మా.”

“కాపీ ఇస్తావని సెప్పేవాడు.”

“ఇచ్చేవాడిని.”

“ఆయనుండగా సెప్పుంటే నిన్ను ఏం జేసేవాడు?”

“నామీద పగ పట్టేవాడు.”

“అంతేనా?” అంది. “దానికేనా, ఇదంతా?”

 క్షమించమ్మా అని మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “నాకు గాదు. ఆడ నిలబడుకోనుండాడు సూడు. పోయి వానికి సెప్పు.”

వీధి మొదటిదాకా నడిచాను. ముంగిట్లోవాళ్ళంతా వెనక లేచి నిలబడ్డారు. అతనికి తగ్గు గొంతుతో మొత్తం చెప్పాను. విన్నాడు. 

“వినపడలే సార్” అన్నాడు. “నన్ను బండెక్కించుకోని పొయ్యేటప్పుడు ఊరంతా బయటికొచ్చి సూసినారు. ఇప్పుడు గూడా ఊరంతా వినాల. గట్టిగా సెప్పు.”

పాఠం చెప్పే గొంతు పెట్టి చెప్పాను. “రాళ్ళు పెట్టింది నేను. మీ బావ ఎవరినీ దారి తప్పించలేదు. నువ్వు ఎవరికీ దొంగదారి చూపలేదు. రెండూ నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఆయన అడిగినప్పుడు వద్దనకుండా నిన్ను పట్టిచ్చింది కూడా నేనే. తప్పు నాది. నన్ను క్షమించప్పా.”